నక్క సంగతి పిల్లలే చెబుతారు



బాలసాహిత్య రచయితలు, చిత్రకారులు, అంగన్‌వాడీ టీచర్లు ఒకే పందిట్లో కూర్చోవడం మన దగ్గర తరచుగా జరిగే పని కాదు. అందుకు పూనుకున్న నిర్వాహకులకు ముందుగా నా కృతజ్ఞతలు. అక్షరాలు ఇంకా రాని పిల్లల చేతిలో బొమ్మల పుస్తకం ఏం చేయగలదో ఈ పూట మాట్లాడతాను.

ఒక పుస్తకం తీసుకుందాం. ఇంగ్లండు రచయిత్రి పాట్ హచిన్స్ 1968లో తానే రాసి, తానే బొమ్మలు వేసిన ‘రోజీస్ వాక్’. కథ మొత్తం 32 ఇంగ్లిషు మాటలు, అదీ ఒకే వాక్యం. రోజీ అనే కోడిపెట్ట పెరడు దాటి, చెరువు చుట్టూ తిరిగి, గడ్డివాము మీదుగా, పిండిమర పక్కగా, కంచె సందులోంచి, తేనెపెట్టెల కిందుగా నడిచి భోజనం వేళకు ఇల్లు చేరుతుంది. మాటల్లో ఉన్నది ఇంతే. బొమ్మల్లో మాత్రం ఒక నక్క మొదటి నుంచీ దాని వెనకే పొంచి ఉంటుంది. దూకిన ప్రతిసారీ దెబ్బ తింటుంది. ఒకచోట గడ్డి లాగే దంతె పిడి ముఖాన కొడుతుంది, ఇంకోచోట చెరువులో పడుతుంది, మర దగ్గర నెత్తిన పిండి కురుస్తుంది, చివరికి తేనెటీగలు తరుముకుంటాయి. ఈ నక్క ప్రస్తావన మాటల్లో ఎక్కడా లేదు. రోజీ కూడా దాన్ని చూడదు.

చదివి వినిపిస్తున్న టీచరు నోట నక్క మాటే రాదు. ఎదురుగా కూర్చున్న నాలుగేళ్ల పిల్లలకు మాత్రం అది కనిపిస్తూనే ఉంటుంది. కథ చెప్పే పెద్దల కన్నా తమకే ఎక్కువ తెలిసే అవకాశం పిల్లలకు రోజూ దొరకదు. అందుకే ఊరుకోలేరు. రోజీని హెచ్చరిస్తారు. నేల మీదున్న దంతెను చూసి, నక్కకు ఏం కాబోతోందో పేజీ తిప్పకముందే చెప్పేస్తారు. కారణం, ఫలితం, ముందూ వెనకా, ఊహించడం, ఊహను సరిచూసుకోవడం ఇవన్నీ ఆ కేకల్లోనే ఉన్నాయి.

నేను చెప్పదలచుకున్నది ఇదే. మాటకూ బొమ్మకూ మధ్య మిగిలిన ఖాళీలోనే పిల్లల బుర్ర పనిచేస్తుంది. ఆ ఖాళీని రచయిత పూడ్చేయకూడదు, చదివి వినిపించేవారూ పూడ్చేయకూడదు.

తరగతిలో తరచుగా జరిగేది వేరు. పుస్తకం తెరవగానే “ఇదేంటి? కోడి. రంగేంటి? కాళ్లెన్ని?” అని పరీక్ష మొదలవుతుంది. పేర్లు నేర్పడం తప్పని అనను. చెక్ విద్యావేత్త కొమీనియస్ 1658లో న్యూరెంబర్గ్‌లో అచ్చువేయించిన బొమ్మల పాఠ్యపుస్తకం చేసింది ఆ పనే. బొమ్మలోని వస్తువులకు అంకెలు వేసి, ఆ అంకెలతోనే మాటలకు ముడిపెట్టాడు. మన గోడల మీది అక్షరాల చార్టులూ ఆ కోవలోవే. కథ చెప్పే బొమ్మ దారి వేరు. చేర్యాల పటాల ముందు కూర్చున్నవాళ్లకు ఆ దారి తెలుసు. కూనపులివారు పద్మశాలీలకు మార్కండేయ పురాణం చెప్పినా, డక్కలివారు మాదిగలకు జాంబపురాణం చెప్పినా, కథ చెవిన పడుతుంటే కళ్లు పటం మీద తిరిగేవి. అది ఆస్వాదించడానికి అక్షరాలు రానక్కర్లేదు.

ఇంట్లో పుస్తకం చదివే తీరు మారిస్తే ఏమవుతుందో మనస్తత్వవేత్త గ్రోవర్ వైట్‌హర్స్ట్ బృందం అమెరికాలో పరిశీలించి 1988లో ప్రచురించింది. రెండు, మూడేళ్ల పిల్లల తల్లిదండ్రులకు నేర్పినది చిన్న సంగతే. అవునూ కాదూ అనిపించే ప్రశ్నలు తగ్గించి, “ఏం జరుగుతోంది?” అని అడగండి, పిల్లలు అన్న మాటకు ఇంకో మాట చేర్చి తిరిగి అనండి. ఒక్క నెలలోనే ఆ పిల్లలు మాట్లాడటంలో తోటివాళ్లను దాటి చాలా ముందుకు వెళ్లారు. దీనికి పెట్టుబడి అక్కర్లేదు, ఓపిక కావాలి. అడిగాక జవాబు వచ్చేదాకా నోరు మెదపకుండా ఉండటమే అందులో కష్టమైన భాగం.

ఇక ఆట. రోజీ దారిని అంగన్‌వాడీ వాకిట్లోనే వేయవచ్చు. బెంచీ కిందుగా దూరాలి, తాడు చుట్టూ తిరగాలి, గోనెసంచి మీదుగా అడుగేయాలి. ఒకరు రోజీ, ఇంకొకరు నక్క. మీద, కింద, చుట్టూ, మధ్య అనేవి అప్పుడు ఒంటికి తెలుస్తాయి. మర్నాడు పిల్లలు ఆ పుస్తకం పట్టుకుని, పేజీలు తిప్పుతూ, సొంత మాటలతో “చదువుతారు”. దయచేసి వారిని సరిదిద్దకండి. చదువు మొదలయ్యేది అలాగే.

ఇంతకీ పుస్తకం పిల్లల చేతికి అందాలి కదా. అంగన్‌వాడీలకు మూలమైన ఐసీడీఎస్ (సమగ్ర శిశు అభివృద్ధి సేవల) పథకం 1975 అక్టోబరు 2న మొదలైంది. ఇన్నేళ్ల తర్వాత కూడా చాలాచోట్ల పుస్తకాలు బీరువాలో తాళం కిందే ఉంటున్నాయి, చిరిగితే లెక్క చెప్పాలన్న భయంతో. ఆ భయం టీచరుది కాదు, మన లెక్కల పద్ధతిది. చిరిగిన పుస్తకాన్ని వాడిన పుస్తకంగా రాసుకునే గడి రిజిస్టరులో ఉండాలని ఈ సభ తరఫున ప్రభుత్వాలను కోరుతున్నాను.

రచయిత మిత్రులతో ఒక మాట. మనం కథ పూర్తిగా రాసేసి, ఆ తర్వాత చిత్రకారుడికి పంపుతాం. కథలో ఎర్ర గౌను ఉంటే ఆయన ఎర్ర గౌను వేస్తాడు. అప్పుడిక చూసేవారికి దొరికేదేముంది? రచయిత రమణ, చిత్రకారుడు బాపుల వంటి జోడీ మనకుండేది. ఆ స్థాయి సాహచర్యం మూడేళ్ల పిల్లల పుస్తకానికి ఎందుకు దక్కకూడదు? మంచి పుస్తకం, తూలిక, ప్రథమ్ బుక్స్ సంస్థలు తెలుగులో తెచ్చిన బొమ్మల పుస్తకాలు మన ముందున్నాయి. మన చెరువు గట్టు, మన సంత, మన బస్టాండు చుట్టూ అల్లిన సొంత కథలు ఇంకా ఎన్నో రావాలి.

మధ్యాహ్నం సమావేశానికి ఉపన్యాసాలు వద్దని నిర్వాహకులను అడిగాను, ఒప్పుకున్నారు. ఒక రచయిత, ఒక చిత్రకారుడు, ఒక టీచరు కలిసి ఒక్కో బల్ల దగ్గర కూర్చుంటారు. ప్రతి బల్ల మీదా 32 ఖాళీ పేజీల నమూనా పుస్తకం ఉంటుంది. ముందు బొమ్మలతోనే కథ నడపండి. మాటలు ఆ తర్వాత చేర్చండి. బొమ్మలో అప్పటికే కనిపిస్తున్న మాటను కొట్టేసే అధికారం టీచరుకు ఇస్తున్నాను.