పేస్‌మేకర్ పెట్టించుకొన్న తరువాత భుజం నొప్పి: మనం తెలుసుకోవలసిన సంగతులు

(వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఆరోగ్యం గురించి నాలుగు మాటలు చెప్పమని సంఘం వారు మమ్మల్ని ఆదేశించారు. మేము వైద్యులము కాము. రోగులను వెంటబెట్టుకొని ఆసుపత్రులకు వెళ్ళి వస్తున్నవారము. అందుచేత పెద్ద విషయాల జోలికి పోకుండా, ఇళ్ళల్లో మేము తరచుగా చూస్తున్న ఒక బాధను గురించి మనవి చేసుకొంటాము. గుండెకు పేస్‌మేకర్ పెట్టించుకొన్నవారికి ఆ వైపు భుజం పట్టేస్తుంది. గుండె బాగుపడింది గదా అని ఇంటిల్లిపాదీ సంతోషిస్తూ ఉంటారు. ఆ మనిషి మాత్రం తల దువ్వుకోలేడు, చొక్కా తొడుక్కోలేడు, రాత్రి అటు తిరిగి పడుకోలేడు.

ముందు ఆ పరికరం సంగతి కొంచెం తెలుసుకొందాము. గుండె కొట్టుకోవడం బాగా నెమ్మదించి, కళ్ళు తిరిగి పడిపోయేవారికి దీన్ని అమరుస్తారు. సాధారణంగా ఎడమవైపు, మెడ ఎముకకు కాస్త దిగువన, చర్మం కింద చిన్న సంచి వంటి చోటు చేసి అందులో ఉంచుతారు. దాని బరువు 50 గ్రాములకు మించదు. దాని నుంచి ఒకటి రెండు సన్నని తీగలు రక్తనాళం గుండా గుండె లోపలికి పోతాయి. ఇప్పుడు తీగలు లేని రకం కూడా వచ్చింది గాని, ఎక్కువమందికి పెట్టేది తీగలున్నదే.

మొట్టమొదట మనిషి శరీరం లోపల పేస్‌మేకర్ అమర్చింది 1958 అక్టోబరు 8న, స్వీడన్ దేశంలోని స్టాక్‌హోం నగరంలో. ఇంజనీరు రూనె ఎల్మ్‌క్విస్ట్ తయారు చేయగా, సర్జన్ ఓకె సెన్నింగ్ దాన్ని ఆర్నే లార్సన్ అనే రోగికి అమర్చారు. ఆ మొదటి పరికరం కొన్ని గంటలే పనిచేసింది. అయినా లార్సన్ ఆ తరువాత ఇరవైకి పైగా పేస్‌మేకర్లు మార్పించుకొని, 2001లో తన 86వ ఏట కన్నుమూశారు. అంటే 43 ఏళ్ళు బతికారు. ఇది ఎందుకు చెబుతున్నామంటే, పేస్‌మేకర్ తరువాత బతుకు చాలా ఉంటుంది. ఆ బతుకంతా పనిచేయవలసిన చెయ్యిని మొదటి రెండు నెలల్లోనే పాడుచేసుకోకూడదు.

మరి భుజం ఎందుకు నొస్తుంది? మాకు అర్థమైనంత వరకు ఈ నొప్పి మూడు రకాలు.

మొదటిది గాయం నొప్పి. కోత పెట్టి, కండరం మీద చోటు చేశారు గనుక కొన్నాళ్ళు నొప్పి, వాపు, కమిలిన మచ్చ ఉంటాయి. ఇది రోజు రోజుకూ తగ్గాలి. తగ్గుతూ ఉంటే భయపడనక్కరలేదు.

రెండవది బిగుసుకుపోయిన భుజం నొప్పి. ఇదే అసలు చిక్కు. తీగ కొన గుండె గోడలో కుదురుకోవడానికి కొన్ని వారాలు పడుతుంది. ఈలోగా చెయ్యి పైకి విసిరితే తీగ జరిగే ప్రమాదం ఉంది. అందుకని డాక్టర్లు సాధారణంగా నాలుగు నుంచి ఆరు వారాలు “మోచెయ్యి భుజం కంటే పైకి లేపకండి, నాలుగైదు కిలోలకు మించి బరువు ఎత్తకండి” అని చెబుతారు. వారు చెప్పేది అంతవరకే. ఇంటికి వచ్చేసరికి అది “చెయ్యి కదపవద్దు” అని మారిపోతుంది! బంధువులు వచ్చి, అయ్యో కదిపితే తీగ ఊడిపోతుందట అని ఇంకా భయపెడతారు.

మాకు తెలిసిన ఒక దర్జీ ఇలాగే మెడకు గుడ్డ కట్టి, చెయ్యి అందులో వేసుకొని రెండు నెలలు కూర్చున్నాడు. గుడ్డ విప్పిన రోజున చెయ్యి పొట్ట దగ్గర నుంచి లేవలేదు. గుండె నిక్షేపంగా ఉంది. మిషను ముందు కూర్చుంటే మాత్రం గుడ్డ జరపలేకపోయాడు. మళ్ళీ పని అందుకోవడానికి నెలలు పట్టింది. కూలినాలి చేసుకొనే ఇంట్లో అన్ని నెలలు పని లేకపోవడం అంటే ఏమిటో మీకు వేరే చెప్పనక్కరలేదు.

భుజం కీలు చుట్టూ ఒక పొర ఉంటుంది. కీలును కదపకుండా ఉంచితే ఆ పొర దళసరి అయ్యి, ముడుచుకుపోతుంది. దీన్నే ఫ్రోజెన్ షోల్డర్ అంటారు. చక్కెర వ్యాధి ఉన్నవారికి ఇది మరీ సులువుగా వస్తుంది. కాబట్టి పేస్‌మేకర్ ఉండి, షుగరు కూడా ఉన్నవారు రెట్టింపు జాగ్రత్త పడాలి.

దీనికి విరుగుడు ఖర్చు లేనిది. డాక్టరు గారు వద్దని ప్రత్యేకంగా చెబితే తప్ప, మొదటి రోజుల నుంచే చెయ్యిని భుజం ఎత్తుకు లోబడి కదుపుతూ ఉండాలి. పిడికిలి ముడిచి తెరవండి. మణికట్టు తిప్పండి. మోచెయ్యి మడిచి చాపండి. భుజాలు రెండూ కొంచెం పైకి ఎగరేసి దించండి. రోజుకు మూడు నాలుగు సార్లు, ఒక్కోటి పదేసి సార్లు చాలు. అన్నం తినడం, ముఖం కడుక్కోవడం, గుండీలు పెట్టుకోవడం, బీడీలు చుట్టడం వంటి పనులు ఆ చేత్తో చేసుకోవచ్చు.

గడువు తీరి డాక్టరు గారు సరేనన్న తరువాత, గోడకు ఎదురుగా నిలబడి వేళ్ళతో చీమ పాకినట్టు పైకి పాకించండి. ఎంతవరకు అందిందో పెన్సిలుతో గీత పెట్టుకోండి. మర్నాడు ఆ గీత దాటాలని చూడండి. కొంచెం లాగినట్టు ఉండవచ్చు గాని, పొడిచినట్టు నొస్తే ఆపాలి.

రోజువారీ సంగతులు మరికొన్ని చెబుతాము. చొక్కా తొడిగేటప్పుడు ఆపరేషన్ అయిన చెయ్యి ముందు, విప్పేటప్పుడు ఆ చెయ్యి చివర. తల మీదుగా వేసుకొనే బట్టల కంటే ముందు తెరిచే బట్టలు కొన్నాళ్ళు మేలు. పడుకొనేటప్పుడు మోచెయ్యి కింద చిన్న దిండు పెట్టుకోండి. బస్సులో పై కమ్మీని రెండో చేత్తో పట్టుకోండి. నీళ్ళ బిందె ఎత్తడం, బోరింగు కొట్టడం, జడ వేసుకోవడం ఆ వారాల్లో ఇంట్లో ఇంకెవరైనా చేసిపెట్టాలి. నమాజులో సజ్దాకు చేతుల మీద బరువు ఆనించి లేవడం కష్టమైతే కుర్చీ మీద కూర్చుని చేసుకోవచ్చు. రోగికి ఆ వెసులుబాటు ఎప్పుడూ ఉన్నదే గదా.

ఇక చేయకూడనివి. నూనె పోసి ఆ చోట మర్దన చేయించకండి. చర్మం కింద గట్టిగా తగులుతోంది గదా అని వేళ్ళతో అటూ ఇటూ తిప్పకండి. అలా తిప్పి తిప్పి తీగలు మెలిపడి ఊడి వచ్చిన సందర్భాలు వైద్య గ్రంథాలకు ఎక్కాయి. నొప్పి మాత్రలు కిరాణా కొట్లో కొనుక్కొని మింగకండి. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ వంటివి మూత్రపిండాలకూ, బలహీనపడిన గుండెకూ కీడు చేస్తాయి. రక్తం పలచబడే మందు వాడుతున్నవారికి రక్తస్రావం కూడా కావచ్చు. పారాసిటమాల్ చాలామందికి సరిపోతుంది గాని, అదీ అడిగే వేసుకోండి. ఫిజియోథెరపీకి వెళితే, కరెంటు పెట్టేలోగానే “మాకు పేస్‌మేకర్ ఉంది” అని చెప్పండి. షార్ట్‌వేవ్ డయాథర్మీ అనే కరెంటు కాపడం వీరికి పనికిరాదు. సెల్‌ఫోను చొక్కా జేబులో వద్దు. ఆరంగుళాల దూరంలో ఉంచి, రెండో వైపు చెవితో మాట్లాడండి.

మూడవ రకం నొప్పి ప్రమాద సూచన. గాయం ఎర్రబడి, వేడిగా ఉండి, చీము కారినా, జ్వరం వచ్చినా ఆలస్యం చేయకండి. చెయ్యంతా వాచి నీలంగా మారినా, కళ్ళు తిరిగి పడిపోయినా, ఎక్కిళ్ళు ఆగకపోయినా అదే రోజు ఆసుపత్రికి వెళ్ళాలి. ఛాతీ బిగబట్టి, చెమటలు పోసి, నొప్పి చేతిలోకి దవడలోకి పాకితే, ఇది ఆపరేషన్ నొప్పేలే అని కూర్చోకండి. పేస్‌మేకర్ గుండె వేగాన్ని చూసుకొంటుంది గాని గుండెపోటును ఆపదు.

చివరగా ఇంట్లోవారికి ఒక మనవి. చిచ్చా మంచం దిగకూడదు, ఖాలా చెయ్యి ఎత్తకూడదు అని ప్రేమ కొద్దీ కట్టడి చేస్తారు. ఆ ప్రేమలో తప్పు లేదు. కాని ఆసుపత్రి నుంచి వచ్చే ముందే డాక్టరు గారిని మూడు ప్రశ్నలు అడిగి కాగితం మీద రాయించుకోండి. చెయ్యి ఎంత ఎత్తు వరకు లేపవచ్చు? ఎన్నాళ్ళు? ఏ కదలికలు ఈ రోజు నుంచే చేయాలి? ఆ కాగితం గోడకు అంటించండి. పరామర్శకు వెళ్ళే మనం కూడా “జాగ్రత్త, కదపకు” అనడం మాని, “ఈ పూట చెయ్యి ఎన్ని సార్లు ఆడించారు?” అని అడుగుదాము. ఆరు వారాల తరువాత ఇంకా చెయ్యి లేవకపోతే, వయసు మీద పడిందిలే అని సరిపెట్టుకోకుండా డాక్టరుకు చూపించండి.