గేటు నంబరుకు ముందుండే అక్షరం

(రేడియోలో స్త్రీల కార్యక్రమంలో ప్రసారమైన ప్రసంగపాఠం)



ఇవాళ మీతో దుబాయి విమానాశ్రయం గురించి నాలుగు మాటలు చెబుదామని వచ్చాను. "మనకెందుకమ్మా ఆ గొడవ, మిరపకాయల ధర సంగతి చెప్పకూడదూ" అని మీలో కొందరు అనుకుంటారని తెలుసు. కాని ఒక్కసారి మన వీధులు చూడండి. ఇంటికొక పిల్లో పిల్లవాడో అమెరికాలోనో, లండన్‌లోనో ఉంటున్నారు. పురుడు పోయడానికి ఎవరో ఒకరు వెళ్ళక తప్పదు. మగవాళ్ళకు సెలవు దొరకదు. చివరికి ఒంటరిగా పెట్టె సర్దుకుని, దారిలో దుబాయిలో దిగి విమానం మారవలసి వచ్చేది మనకే. రెండు విమానాల్లోనూ పెద్ద బాధేమీ ఉండదండీ. కూర్చోబెట్టి అన్నం పెడతారు. కష్టమల్లా ఆ మధ్య రెండు మూడు గంటలే.

మన శంషాబాద్ విమానాశ్రయం 2008 మార్చిలో మొదలైంది. అక్కడ మనందరికీ ఒకటే టెర్మినల్. లోపలికి వెళ్ళాక గేటు నంబరు వెతుక్కుంటే చాలు. ఆ అలవాటుతోనే నేను దుబాయిలో దెబ్బతిన్నాను. ఆ కథ తర్వాత చెబుతాను. ముందు ఆ కట్టడం ఎలా ఉంటుందో మనసులో బొమ్మ గీసుకోండి.

1960లో తెరిచినప్పుడు అక్కడ విమానాలు గట్టిపరిచిన ఇసుక మీద దిగేవట. 2024లో ఆ విమానాశ్రయం మీదుగా వెళ్ళినవాళ్ళు 9 కోట్ల 23 లక్షల మంది! ఇంతమందికి ఒక్క ఇల్లు చాలదు కదా. అందుకని మూడు టెర్మినళ్ళు కట్టారు. వాటికి 1, 2, 3 అని అంకెలు. టెర్మినల్ అంటే వీధి గుమ్మం అనుకోండి. ఊళ్ళోంచి వచ్చేవాళ్ళు సామాను అప్పగించి లోపలికి వెళ్ళే చోటు. 1, 3 ఒక పక్కన ఉంటే, 2 మాత్రం విమానాలు పరుగెత్తే బాటలకు అవతలి వైపున ఉంది. మీ రెండో టికెట్టు మీద టెర్మినల్ 2 అని ఉంటే నడిచి వెళ్ళలేరు, బస్సు ఎక్కవలసిందే. ఇది టికెట్టు కొనే రోజే చూసుకోవాలి, దిగాక కాదు.

గుమ్మం దాటాక వసారాలు. వాటిని అక్కడ కాన్‌కోర్స్ అంటారు. పొడుగాటి వసారాకి రెండు పక్కలా విమానాలు వచ్చి ఆనుకుని నిలబడతాయి, గొడ్లసావిట్లో గాటికి ఇటూ అటూ పశువులు నిలబడ్డట్టు. ఈ వసారాలకు అంకెలు కాక ఇంగ్లీషు అక్షరాలు పెట్టారు. ‘ఏ’, ‘బి’, ‘సి’, ‘డి’. మొదటి మూడూ టెర్మినల్ 3కి చెందినవి. ‘డి’ టెర్మినల్ 1ది, దానికి వేరే రైలుంది.

‘బి’ 2008లో టెర్మినల్ 3తో పాటే వచ్చింది, దాన్ని ఆనుకునే ఉంటుంది. దాదాపు కిలోమీటరు పొడుగు! అందులోంచి అలాగే నడిచి ‘సి’లోకి వెళ్ళవచ్చు. ‘సి’ నిజానికి వీటన్నిటికంటె పాతది, 2000లో కట్టింది. 2016లో ‘డి’ తెరిచేదాకా అది టెర్మినల్ 1 వాళ్ళదే. ‘ఏ’ మాత్రం విడిగా ఉన్న కట్టడం. రెండంతస్తుల పెద్ద విమానాలున్నాయే, వాటి కోసమని ప్రత్యేకంగా కట్టి 2013 జనవరిలో తెరిచారు. ‘బి’ నుంచి ‘ఏ’కి భూమి కింద నుంచి రైలు. డ్రైవరు ఉండడు, తలుపులు వాటంతటవే తెరుచుకుంటాయి. టికెట్టు అక్కరలేదు. ‘ఏ’లో పుట్టిన పాత వసారా లేదు, ‘సి’లో కొత్తది లేదు, అక్షరాల వరసకీ వయస్సు వరసకీ సంబంధం లేదని ఇప్పటికి మీకు అర్థమయ్యే ఉంటుంది. ఆ వరస పట్టుకుని ‘ఏ’ మనకు దగ్గరుంటుంది అనుకుంటే మోసపోతాం.

ఇక నా కథ. 2023 వేసవిలో డాలస్‌లో మా తోటికోడలికి పురుడు. వాళ్ళ అమ్మగారికి వీసా సమయానికి అందలేదు. మా అత్తగారూ నేనూ బయలుదేరాం. ఆవిడకు డెబ్బై రెండేళ్ళు. మోకాళ్ళ నొప్పులు. టికెట్టు కొన్నప్పుడే చక్రాల కుర్చీ కావాలని రాయిద్దామంటే, "నాకేం కాళ్ళు లేవా అమ్మాయ్! నలుగురిలో నన్ను తోసుకుపోతారా?" అన్నారు. నేనూ ఊరుకున్నాను. అలా ఊరుకోవడం నా మొదటి తప్పు.

అర్ధరాత్రివేళ దుబాయిలో దిగాం. దిగగానే బయటికి దారి చూపే బాణం ఒకటి, విమానం మారేవాళ్ళకు ఒకటి కనిపిస్తాయి. రెండోదాని వెంట వెళ్ళాలి. పెట్టెల జోలికి మనం పోనక్కరలేదు, హైదరాబాదులోనే చివరిదాకా చీటీ కట్టారుగా. చేతిసంచీ, గాజులు, చెప్పులు మాత్రం ఇంకోసారి తనిఖీ చేస్తారు. సీసాలో మంచినీళ్ళు ఉంటే పారబోయిస్తారు, ఖాళీ సీసా ఉంచుకుని లోపల మళ్ళీ పట్టుకోవచ్చు.

మా చేతిలోని కార్డు మీద రెండో విమానం గేటు వేసి లేదు. చాలాసార్లు వేయరు. ఏ విమానం ఏ గేటుకు వస్తుందో ముందుగా తేలదు కనుక. గోడ మీద పెద్ద బోర్డు చూశాను. డాలస్ ఎదురుగా ‘ఏ 14’ అని ఉంది. మర్చిపోతానని పద్నాలుగు పద్నాలుగు అనుకుంటూ నడిచాను. అక్షరం నోట్లోనే లేదు! మేమున్నది ‘బి’లో. ‘బి 14’ కనపడింది. హమ్మయ్య అని కూలబడ్డాం. అత్తగారు కాళ్ళు చాపుకున్నారు. నేను సంచీ తల కింద పెట్టుకుని కునుకు తీశాను. గేటు మీద తెర ఖాళీగా ఉంటే, ఇంకా వేళ కాలేదు కాబోలు అనుకున్నాను.

కళ్ళు తెరిచేసరికి తెర మీద నైరోబీ అని ఉంది. చుట్టూ వేరే మనుషులు. గడియారం చూస్తే ఒకటీ ముప్ఫై అయిదు. మా విమానం రెండున్నరకు. ఇక్కడ ఇంకో సంగతి. బయలుదేరే వేళకు గేటు దగ్గరుంటే చాలదు, ఇరవై నిమిషాల ముందే మూసేస్తారు. పైగా అమెరికా వెళ్ళేవాళ్ళను గేటు దగ్గర ఇంకోసారి ప్రశ్నించడం, సంచీలు చూడడం కూడా ఉంటుంది. ఇవన్నీ నేను లెక్కేసుకుంటూ ఉంటే అత్తగారు తన వాచీ చూసుకుని ఘొల్లుమన్నారు. ఆవిడ వాచీలో మూడూ అయిదు! మనకంటె దుబాయి గంటన్నర వెనక. ఆ ముల్లు తిప్పే పని నేను చేయలేదు. "వెళ్ళిపోయిందే తల్లీ, మనవణ్ణి చూసే రాత నాకు లేదు" అని ఆవిడ ఏడుపు.

పక్కన నేల తుడుస్తున్న అబ్బాయి తల ఎత్తాడు. "అమ్మా, తెలుగోళ్ళా? ఏడికి పోవాలె?" అన్నాడు. ప్రాణం లేచొచ్చింది. నా కార్డు తీసుకుని, బోర్డు దగ్గరికి వెళ్ళి చూసి వచ్చాడు. "గిది బీ అమ్మా. మీది ఏ. కిందికి పోయి రైలెక్కాలె. టైమున్నది, ఫికర్ చెయ్యకుండ్రి" అని లిఫ్టు దాకా తీసుకొచ్చాడు. వాళ్ళది జగిత్యాల పక్క పల్లెట. ఊరు చూసి రెండేళ్ళయిందట. అంతకు మించి వచ్చే వీలు తనకు లేదని అక్కడే ఆగిపోయాడు. కంగారులో పేరైనా అడగలేదు నేను.

రైలు దూరం కాదండీ, నాలుగైదు నిమిషాల పని. లిఫ్టు దిగడం, ఎక్కడం, మళ్ళీ గేటుదాకా నడవడం, అదీ అసలు దూరం. అత్తగారు నా భుజం మీద బరువంతా వేసి నడిచారు. రెండు గంటలకు ‘ఏ 14’ దగ్గరున్నాం. ఆవిడ చెప్పులు విప్పితే పాదాలు పొంగిన పూరీల్లా ఉన్నాయి. నావైపు చూడలేదు. నేనూ ఆవిడ వైపు చూడలేకపోయాను.

కనుక వెళ్ళేవాళ్ళు ఎవరైనా ముందు అక్షరం, తర్వాత అంకె, రెండూ కాగితం మీద రాసుకోండి. గంటకోసారి లేచి బోర్డు చూడండి, గేటు మారుతూ ఉంటుంది. ప్రతి విమానానికీ మైకులో పిలుస్తారని కూర్చోవద్దు. ఇంగ్లీషు రాదని సిగ్గుపడి నోరు మూసుకోవద్దు. కార్డు చూపించి వేలు పెడితే ఎవరైనా దారి చెబుతారు. వాచీ దిగగానే తిప్పండి. చక్రాల కుర్చీ టికెట్టు కొన్నప్పుడే అడగాలి, ఆఖరికి రెండు రోజుల ముందైనా. విమానం గుమ్మం దగ్గర మొదలుపెట్టి రెండో విమానం గుమ్మం దాకా వాళ్ళే తీసుకువెళతారు.

ఇదంతా ఎన్నాళ్ళో ఉండేట్టు కూడా లేదు. ఆ ఊళ్ళోనే అల్ మక్తూమ్ అనే రెండో విమానాశ్రయాన్ని పెంచి, ఇక్కడి విమానాలన్నీ అక్కడికి తరలిస్తామని 2024 ఏప్రిల్‌లో ప్రకటించారు. అందులో 400 గేట్లుంటాయట. ఈ వార్త చదివి వినిపిస్తే మా అత్తగారు కాసేపు ఊరుకుని, "అయితే వచ్చేసారి ఆ కుర్చీ ఏదో రాయించమ్మాయ్" అన్నారు.

తిరుగు ప్రయాణంలో ఇద్దరం ‘బి 14’ దగ్గర ఆ అబ్బాయి కోసం చూశాం. అత్తగారు సంచీలో అతని కోసం డాలస్‌లో చేసిన సున్నుండలు పొట్లం కట్టి తెచ్చారు. కనపడలేదు. అక్కడ తుడుస్తున్న ఇంకో కుర్రాడికి ఇచ్చి వచ్చాం. అతనిది నేపాలట.

సెలవు.