అంబాసిడరు చప్పుడు



ఏటేట ఈ వేదికపై నేను భారతమునుండియో భాగవతమునుండియో ఒక ఘట్టము చెప్పుట ఆచారముగా వచ్చుచున్నది. రజతోత్సవమునకు కూడ అటులనే చెప్పుమని కార్యదర్శిగారు కోరిరి. కాని ఈ యేడు నా గోళ్ళ సందులలో చేరిన నల్లనూనె ఇంకను పోలేదు. అందుచేత ఒక మోటారుబండి కథ చెప్పెదను. భారతము దానిలోనికి తనంతట తానే వచ్చును, నేను పిలువలేదు.

మా తండ్రిగారు ఈ గ్రామమునకు పట్వారీ. 1984 లో ఆ ఉద్యోగములు రద్దయినవి. నేను సహకార సంఘపు లెక్కలు వ్రాసి బ్రదుకువాడనే యైనను మీరందరు నన్నును పట్వారీ యనియే పిలుతురు. తప్పుడు లెక్క వ్రాయుట మా యింట అన్నిటికంటె పెద్ద దోషము. ఆ దోషమునే నేను చేసితిని. అదియే ఈ కథకు మొదలు.

మా అక్కగారు హైదరాబాదులో బాగ్ లింగంపల్లి హౌసింగుబోర్డు క్వార్టర్లలో నుందురు. బావగారు గతించి మూడేండ్లైనది. ఆయన విడిచిపోయిన వానిలో 1986 నాటి అంబాసిడరు ఒకటి. కలకత్తా చేరువనున్న ఉత్తరపారాలో తయారైన బండి. అచ్చటి కార్ఖానాలో 2014 లో ఈ బండ్ల తయారీ నిలిచిపోయినది. ఇంజను 1489 సి.సి.ది, ఇంగ్లండువారి మోరిస్ బండి నమూనా. వేపచెట్టు క్రింద నిలిచిన ఆ బండిని కదలించినపుడెల్ల టక్కుటక్కుమని ఒకటే చప్పుడు. మేనల్లుడు అమ్మివేయుదమనెను. కొనవచ్చిన పెద్దమనిషి చప్పుడు విని ధర సగమునకు దించెను. అంత నేను పెద్దరికము మీద వేసికొని, ఒక మెకానిక్కును పిలిచి, “ఎట్లైనను చప్పుడు వినబడకుండ చేయుము” అని చెప్పితిని. అతడు సందేహించెను. నేనే బలవంతపెట్టితిని.

ఇచ్చట ఇంజను లోపలి సంగతి కొంత చెప్పవలెను. నాలుగు సిలిండర్లకు ఎనిమిది వాల్వులు. ఇవి గాలిని లోనికి విడుచుటకును, పొగను వెడలించుటకును తలుపులు. ఇంజను ప్రక్కనున్న క్యాంషాఫ్టు తిరుగుచు టాపెట్టును లేపును; టాపెట్టు పొడవైన కడ్డీని లేపును; ఆ కడ్డీ పైనున్న రాకరును త్రాసుకోలవలె ఒరిగించును; రాకరు రెండవ కొన వాల్వును నొక్కి తెరచును. రాకరు కొనకు, వాల్వు తలకు నడుమ కొంచెము సందు విడువవలెను. ఈ ఇంజనుకు అది అంగుళములో వేయింట 15 వంతులు. వేడికి వాల్వు కాడ సాగును గనుక ఆ సాగుదలకు చోటు కావలెను. సందు మితిమీరినచో రాకరు వాల్వును సుత్తివలె కొట్టును. అదియే ఆ టక్కు. సందే లేకున్న చప్పుడుండదు. కాని వాల్వు తన పీటపై పూర్తిగ కూర్చుండదు. పొగ వెడలు వాల్వు తన వేడిని ఆ పీట ద్వారానే వదలుకొనును. కూర్చుండుటకు వీలులేని వాల్వు కాలిపోవును.

ఇది నాకు అప్పుడు తెలియదు. బండి పిల్లివలె మెత్తగ నడచెను. కొనువాడు మెచ్చి బయానా ఇచ్చెను. అమ్ముటకు ముందు అక్కగారిని ఒకమారు మన ఊరికి తీసికొనివత్తమని బయలుదేరితిమి. చౌటుప్పల్ దాటిన పిమ్మట బండి చిన్న ఎత్తును కూడ ఎక్కలేక ఆయాసపడసాగెను. వెనుక గొట్టము బుస్సు బుస్సుమనుచుండెను. మేనల్లుడు నా వంక చూచెను, ఏమియు ననలేదు. అక్కగారు మాత్రము, “తమ్మీ, మీ బావ సందు మలుపుకాడి కొస్తెనే టక్కుటక్కుమని ఇనబడేది. అప్పుడు పొయ్యి ముట్టించేదాన్ని. దాని నోరు మూపిచ్చినవు” అనెను.

మరునాడు బయానా తిరిగి ఇచ్చి, జరిగినది దాచక చెప్పితిని. సులభముగ చెప్పితినని మీరనుకొనవలదు.

ఆజామాబాదులో ఒక వృద్ధ ఉస్తాదు దొరికెను. ఆయన అడిగిన కూలి మాకు మించినది. కావున వారమున కొకసారి వచ్చి చెప్పిపోవుటకును, పని మేము ఇంటికడ చేసికొనుటకును ఒప్పందమైనది. మొదట ఆయన ప్లగ్గు తీగలను ఒక్కొక్కటిగ తీసెను. మూడవ తీగ తీసినను ఇంజను నడకలో మార్పు లేదు. “పట్వారీ సాబ్, మూడోది ముందుగాలనే సచ్చింది” అనెను. పిమ్మట తక్కిన సందులను సరిగ పెట్టగనే పాత టక్కు తిరిగి వచ్చినది. పెద్ద స్క్రూడ్రైవరు కొనను మూతపై నానించి, పిడిని చెవికి పెట్టుకొని వినుమనెను. అడుగున నుండు బేరింగుల దెబ్బ లోతుగ నుండును. ఆ సిలిండరు తీగ తీసినచో తగ్గును. ఈ టక్కు పైన, సన్నగ, తీగ తీసినను తగ్గక, ఇంజను వేగములో సగము వేగముతో వచ్చుచుండెను. క్యాంషాఫ్టు సగము వేగముననే గదా తిరుగునది!

క్వార్టరు ముందు నులకమంచము పరచి విప్పసాగితిమి. రాకర్ల దండమును పట్టు నట్లలో కొన్ని ఇంజను తలను పట్టునవి కూడ. కాబట్టి ముందుగా నీరు దింపవలెను. విప్పిన ప్రతి వస్తువును లెక్కపుస్తకములో జమ కట్టితిని. అట్టపెట్టెకు ఎనిమిది రంధ్రములు చేసి, అంకెలు వేసి, కడ్డీలను వరుసగ గ్రుచ్చితిని. ఏ టాపెట్టు ఏ క్యాముతో అరిగినదో దానితోనే తిరిగి కలియవలెను. నాకు ఈ భాగము పండుగవలె నుండెను. మేనల్లునికి విసుగు పుట్టెను.

తల నెత్తి చూడగా అయిదవ వాల్వు అంచు కొరికిన అప్పమువలె నున్నది. అది నా చేతిపని. కాని టక్కునకు కారణము వేరు. రాకర్ల దండము అడుగువైపు వ్రేలిగోరు తగులునంత లోతుగ గాడులు పడినవి. రాకరు రెండు కొనలను క్రిందినుండి పైకి త్రోయు బలములే గనుక అరుగుదల అడుగుననే పడును. రెండు రాకర్ల కొనలలో గుంటలు. సందును కొలుచు రేకు గుంటకు అడ్డముగ నిలుచును. 15 అని చూపినను నిజముగ నున్నది అంతకు హెచ్చు. ఎన్నిమార్లు సరిచేసినను బండి ఎందుకు అరచెనో అప్పుడు తెలిసినది. కొలత తప్పు కాదు, కొలచినచోటు తప్పు. ప్రక్క మూతలు తీసి చూడగా ఒక టాపెట్టు ముఖము కూడ మశూచి మచ్చలవలె పెచ్చులూడియున్నది.

రాణిగంజిలో దండము, బుష్షులు, రాకర్లు, టాపెట్టు, వాల్వు, గాస్కెట్లు, రింగులు కొంటిమి. కాలిన పీటను లేత్ పనివారు చెక్కి సరిచేసిరి. వాల్వును రాపిడి మందుతో పీటపై అటునిటు త్రిప్పి నూరుట నా వంతు. చుట్టును తెగని బూడిదరంగు వలయము ఏర్పడువరకు నూరి, కిరసనాయిలు పోసి, చుక్క దిగకున్న చాలునని ఉస్తాదు చెప్పెను. మూడుమార్లు దిగినది. నాలుగవమారు దిగలేదు.

ఇక ఆ సందులు పెట్టు విధము వినుడు. ఒక వాల్వును సరిచేయవలెనన్న మరి యొకటి పూర్తిగ తెరచియుండవలెను. ఆ రెంటి అంకెలు కలిపిన తొమ్మిది కావలెను. ఒకటికి ఎనిమిది, రెంటికి ఏడు, అయిదునకు నాలుగు. ఉస్తాదు ఇది చెవితోను, చేతితోను చేయును గాని అంకెలతో చేయడు. ఈ తొమ్మిది లెక్కను నేను చిక్కడపల్లి గ్రంథాలయములో ఒక మోటారు పుస్తకమున చూచి చెప్పగా ఆయన నాలుగైదుమార్లు త్రిప్పి చూచి, నవ్వి, నా భుజము తట్టెను. అప్పుడు నాకు అరణ్యపర్వములోని నలోపాఖ్యానము జ్ఞాపకము వచ్చినది. బాహుకుడు రథము తోలుచుండగా ఋతుపర్ణుడు తాండ్రచెట్టు ఆకులను, కాయలను చూచినమాత్రన లెక్క చెప్పెను. బాహుకుడు నమ్మక, రథము నాపి, లెక్కించి చూచెను. పిమ్మట ఒకరి విద్య నొకరు మార్చుకొనిరి. శృంగారనైషధము మాత్రమే చదివినవారికి ఈ ఘట్టము దొరకదు; భారతమునకే పోవలెను. నా వంటి లెక్కలవానికి అందులో ఋతుపర్ణునిపై నెక్కువ ప్రీతి యుండుట సహజమే.

ఇంజను మరల నడచిననాడు సన్నని సవ్వడి మిగిలినది, కుట్టుమిషనువలె. నేను కంగారుపడితిని. “అది ఉండాలె సాబ్” అని ఉస్తాదు చేతులు తుడుచుకొనెను.

మేనల్లుడు అమ్మకపు మాట మరి యెత్తలేదు. సాయంకాలము బండి నొకమారు నారాయణగూడ వరకు త్రిప్పి వచ్చితిమి. మేము మెట్లెక్కునప్పటికి పొయ్యి మీద నేమియు లేదు. అక్కగారు, “ఒచ్చింది ఇనబడలే” అనెను. నాటినుండి మేనల్లుడు సందు మలుపులో హారను మ్రోగించుచున్నాడు.

మన ఊరి ట్రాక్టర్లలోను టాపెట్లు, రాకర్లు కలవు. సందుల కొలత మాత్రము ఇంజనునుబట్టి వేరు. ఎవరికైన పనికివచ్చునేమో యని నా లెక్కపుస్తకమును ఈ గ్రంథాలయమునకు సమర్పించుచున్నాను. తొలి పుటలో ఖర్చుతోపాటు నేను తిరిగి ఇచ్చిన బయానా సొమ్మును కూడ వ్రాసితిని. నూనె మరకలు చాల నున్నవి, గ్రంథపాలకులు మన్నింతురుగాక.