ఫోను మోగితే వెళ్ళేదెవరు? మిగిలేదెవరు?

(మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఎక్కడో ఒక దేశంలో అంటువ్యాధి చెలరేగితే, కబురు రాగానే రెండు మూడు రోజుల్లో బయలుదేరి వెళ్ళే డాక్టర్లు, నర్సులు, వ్యాధి వ్యాప్తిని లెక్కగట్టే నిపుణులు ఉంటారు. వాళ్ళ పని గురించి మాట్లాడమని నిర్వాహకులు అడిగినప్పుడు నేను కొంత సందేహించాను. మన పల్లెల్లో ఒక నర్సు ఉద్యోగం ఖాళీ అయితే నెలల తరబడి భర్తీ కాదు. అలాంటి చోట కూర్చుని పరదేశాలకు వెళ్ళే వాళ్ళ గురించి చర్చ ఎందుకు అనిపించింది. అయితే ఆలోచించేకొద్దీ, మనం ఏళ్ళ తరబడి మాట్లాడుతున్న విషయాలే అక్కడా కనిపించాయి. ఇంటి చాకిరీ ఎవరిది? రోగి సేవ ఎవరిది? ఆ సేవకు జీతం ఎవరికి, రోగం ఎవరికి? ఈ ప్రశ్నలతోనే ఈ విషయాన్ని చూద్దాం.

ముందుగా ఈ పని ఎలా నడుస్తుందో చెప్తాను. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2000లో అంటువ్యాధుల హెచ్చరికకు, సహాయానికి ఒక అంతర్జాతీయ వలయాన్ని ఏర్పాటు చేసింది. ఏదైనా దేశం సహాయం కోరితే, అందులోని సంస్థలు తమ నిపుణులను పంపుతాయి. 1971లో ఫ్రాన్సులో పుట్టిన 'సరిహద్దులు లేని డాక్టర్లు' సంస్థ తన సొంత జాబితా నుంచి మనుషులను పంపుతుంది. జాబితాలో పేరు ఉన్నవాళ్ళు మామూలు రోజుల్లో తమ ఆసుపత్రుల్లో, కాలేజీల్లో పనిచేసుకుంటూ ఉంటారు. పాస్‌పోర్టు, టీకాల పత్రాలు సిద్ధంగా ఉంచుకోవాలి. ఫోను వస్తే పై అధికారి అనుమతి తీసుకుని బయలుదేరాలి. ఎబోలా లాంటి వ్యాధికైతే సాధారణంగా నాలుగు నుంచి ఆరు వారాలు పని. తిరిగొచ్చాక జ్వరం వస్తుందేమోనని 21 రోజులు కనిపెట్టుకుని ఉండాలి. అంటే ఇంటి లెక్కలో ఇది రెండు నెలల మాట.

నాకు తెలిసిన ఒక నర్సు ఇలాంటి జాబితాలో పేరు ఇవ్వాలా వద్దా అని నా దగ్గరకొచ్చింది. పన్నెండేళ్ళ అనుభవం ఉన్న మనిషి. "మేడమ్, మా ఆయన రెండేళ్ళు గల్ఫ్‌లో ఉంటే ఇంటి కోసం కష్టపడుతున్నాడన్నారు. నేను రెండు నెలలు వెళ్తానంటే పిల్లల్ని వదిలేసి పోతుందంటున్నారు" అంది. చివరికి ఆమె చెల్లెలు పిల్లల్ని చూసుకుంటానని ఒప్పుకుంది. ఆ చెల్లెలు బట్టలు కుట్టి బతుకుతుంది. పిల్లలతో ఉన్నన్నాళ్ళూ కుట్టుపని సగానికి సగం తగ్గుతుంది. ఆ నష్టం ఏ సంస్థ పద్దులోనూ రాయరు.

'ఎప్పుడైనా బయలుదేరడానికి సిద్ధం' అనే అర్హత ఎవరికుంటుందో చూడండి. ఇంట్లో వండిపెట్టడానికి, ముసలివాళ్ళకు మందులివ్వడానికి, పిల్లల్ని బడికి పంపడానికి మరో మనిషి ఉన్నవాడికే అది ఉంటుంది. చాలామంది మగవాళ్ళకు అది పెళ్ళితోపాటే వస్తుంది. ఆడవాళ్ళు మరో ఆడమనిషిని బతిమాలుకుని సంపాదించుకోవాలి. జాబితాలో ఆడవాళ్ళ పేర్లు తక్కువగా ఉంటే వాళ్ళకు ధైర్యం చాలలేదంటారు. లోపం ధైర్యంలో లేదు, ఇంటి పని పంపకంలో ఉంది.

ఇక వ్యాధి సంగతికి వద్దాం. పశ్చిమాఫ్రికాలో 2014-16 ఎబోలా నాకు అన్నిటికంటే ముఖ్యమైన ఉదాహరణ. గినీ దేశంలోని మెలియాండు అనే పల్లెలో 2013 డిసెంబరులో ఒక పసివాడితో మొదలైంది. తర్వాత పోయినవాళ్ళు ఎవరు? వాడి తోబుట్టువు, గర్భవతి అయిన తల్లి, ఇంట్లో ముసలావిడ. ఆ తర్వాత ఆ ఊరి మంత్రసాని. ఈ వరుస చదివితే చాలు, రోగం ఏ దారిన నడిచిందో తెలుస్తుంది. ఎబోలా ఒంటి ద్రవాల ద్వారా అంటుతుంది. వాంతి ఎత్తేవాళ్ళకు, దుప్పట్లు ఉతికేవాళ్ళకు, కాన్పు చేసేవాళ్ళకు, శవానికి స్నానం చేయించేవాళ్ళకు వస్తుంది. ఈ పనులు అక్కడ కూడా ఎక్కువగా ఆడవాళ్ళవే. మొత్తం మీద గినీ, లైబీరియా, సియెరా లియోన్‌లలో 28,600 మందికి పైగా జబ్బుపడ్డారు, 11,300 మందికి పైగా చనిపోయారు.

బయటి నుంచి వెళ్ళినవాళ్ళ కష్టం తక్కువదని నేను అనడం లేదు. తల నుంచి కాలి దాకా కప్పే సూటు, రెండు జతల గ్లవుజులు, కళ్ళద్దాలు, మాస్కు, బూట్లు. ఆ ఎండలో గంటకు మించి అందులో ఉండడం కష్టం. రోగికి సెలైను పెడుతుండగానే కళ్ళద్దాలకు ఆవిరి పట్టి ఏమీ కనిపించదు. అందులో నీళ్ళు తాగడం కుదరదు, బాత్రూముకు వెళ్ళడం కుదరదు. సూటు విప్పేటప్పుడే ప్రమాదం ఎక్కువ కాబట్టి పక్కన ఒకరు నిలబడి ఒక్కొక్కటే చెప్తుంటే విప్పాలి. ఇలాంటి రక్షణ దుస్తులు మగవాళ్ళ కొలతలకే తయారవుతాయని, పొట్టిగా సన్నగా ఉన్న ఆడవాళ్ళకు వదులై ఇబ్బందవుతుందని ఆరోగ్యరంగంలో పనిచేసే స్త్రీలు చాలాకాలంగా చెప్తున్నారు. నెలసరి వచ్చిన రోజున ఆ సూటులో ఎలా పనిచేయాలన్నది శిక్షణలో చెప్పాల్సిన మామూలు విషయం. ఆడవాళ్ళు అడగడానికి మొహమాటపడాల్సిన సంగతిగా దాన్ని మిగల్చకూడదు.

అయితే, వచ్చిన వాళ్ళు ఆరు వారాలకు తిరిగి వెళ్ళారు. అక్కడి నర్సులు ఎక్కడికి వెళ్తారు? 2014 జనవరి నుంచి 2015 మార్చి వరకు ఆ మూడు దేశాల్లో 815 మంది ఆరోగ్య సిబ్బందికి ఎబోలా సోకిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క తేల్చింది. వారిలో సగానికి పైగా నర్సులు, నర్సు సహాయకులు. చివరికి ఏమైందో తెలిసినవారిలో మూడింట రెండు వంతుల మంది చనిపోయారు. మామూలు జనంతో పోలిస్తే ఆరోగ్య సిబ్బందికి వ్యాధి సోకే అవకాశం 21 నుంచి 32 రెట్లు ఎక్కువగా ఉంది.

సియెరా లియోన్‌లోని కెనెమా ప్రభుత్వాసుపత్రిలో ఎంబాలు ఫోనీ అనే పెద్ద నర్సు ఉండేవారు. లాసా జ్వరం వార్డును ఏళ్ళ తరబడి నడిపిన మనిషి. ఆమె 2014 జూలైలో ఎబోలాతో చనిపోయారు. అదే నెల 29న ఆ వార్డు డాక్టరు షేక్ ఉమర్ ఖాన్ పోయారు. ఆ వెంటనే, ఆగస్టు మొదట్లో, లైబీరియాలో జబ్బుపడిన ఇద్దరు అమెరికన్లను ప్రత్యేక విమానంలో అట్లాంటాకు తీసుకెళ్ళారు. వాళ్ళిద్దరూ బతికారు, సంతోషమే. సెప్టెంబరులో సియెరా లియోన్ డాక్టరు ఒలివెట్ బక్‌కు జబ్బు వచ్చింది. ఆమెను జర్మనీకి పంపమని ఆ దేశ ప్రభుత్వం కోరింది. తాము పంపలేమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. గంటల వ్యవధిలో ఆమె చనిపోయారు. ఒకే రోగం, ఒకే పని. విమానం వచ్చేదీ రానిదీ పాస్‌పోర్టును బట్టి తేలింది.

జీతం విషయం కూడా ఇంతే. కెనెమా నర్సులు ప్రమాద భత్యం అందక సమ్మె చేశారు. 2014 నవంబరులో అదే ఊళ్ళో శవాలను పూడ్చే కార్మికులు, తమకు రావాల్సిన భత్యం ఇవ్వనందుకు శవాలను బయట వదిలేసి నిరసన తెలిపారు. ప్రపంచం ఆ దృశ్యాన్ని చూసి భయపడింది. వాళ్ళకు రావాల్సిన డబ్బులు ఎక్కడ ఆగిపోయాయని అడిగినవాళ్ళు తక్కువ.

శవాల గురించి ఇంకో మాట. మొదట్లో శవాలను సంచుల్లో చుట్టి, కుటుంబాన్ని దగ్గరకు రానీయకుండా పూడ్చేశారు. జనం రోగులను దాచడం మొదలుపెట్టారు. చావు దగ్గర చేయాల్సిన మర్యాదలు ఆడవాళ్ళకు తెలిసిన జ్ఞానం. వాళ్ళను అడిగి మార్పులు చేయవచ్చునని ఎవరికీ తోచలేదు. 2014 నవంబరులోగానీ, కుటుంబానికీ మతపెద్దలకూ చోటిచ్చే ఖనన పద్ధతిని ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించలేదు.

తిరిగి వచ్చినవాళ్ళకు స్వదేశంలో దొరికిన మర్యాద కూడా చూడాలి. కేసీ హికాక్స్ అనే అమెరికన్ నర్సు సియెరా లియోన్‌లో పనిచేసి 2014 అక్టోబరులో నెవార్క్ విమానాశ్రయంలో దిగారు. వ్యాధి లేకపోయినా ఆమెను ఒక గుడారంలో నిర్బంధించారు. ఆమె నోరు మూసుకోలేదు, కోర్టుకు వెళ్ళారు. నిర్బంధంలో పెట్టినవాళ్ళకు వకీలును పెట్టుకునే హక్కు, అప్పీలు చేసుకునే హక్కు ఉండేలా 2017లో ఒప్పందం సాధించారు. లైబీరియాకు చెందిన సలోమే కార్వా కథ ఇలా ముగియలేదు. ఎబోలా నుంచి బయటపడి, తోటి రోగులకు సేవ చేసినందుకు 2014లో టైమ్ పత్రిక ముఖచిత్రంపై ఆమె బొమ్మ వేశారు. 2017 ఫిబ్రవరిలో కాన్పు తర్వాత ఇబ్బంది వచ్చి ఆసుపత్రికి తీసుకెళ్తే, ఎబోలా వచ్చిన మనిషని ముట్టుకోవడానికి సిబ్బంది వెనకాడారని కుటుంబం చెప్పింది. ఆమె చనిపోయింది. ముఖచిత్రం ఆమెకు ఏ విధంగానూ అక్కరకు రాలేదు.

ఇప్పుడు చెప్పబోయేది అన్నిటికంటే కష్టమైనది. సహాయానికి వెళ్ళినవాళ్ళ చేతిలో అధికారం కూడా ఉంటుంది. ఉద్యోగం ఇచ్చేది వాళ్ళు, జీపు వాళ్ళది, డాలర్లు వాళ్ళవి. కాంగో ప్రజాస్వామ్య గణతంత్రం తూర్పు ప్రాంతంలో 2018 ఆగస్టు నుంచి 2020 జూన్ దాకా ఎబోలా సాగింది. జబ్బుపడినవారిలో సగానికి పైగా స్త్రీలు. సహాయ సంస్థల సిబ్బంది ఉద్యోగం పేరుతో తమను లైంగికంగా వాడుకున్నారని 51 మంది స్త్రీలు చెప్పిన విషయం 2020 సెప్టెంబరులో పత్రికల్లో వచ్చింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ వేసిన స్వతంత్ర కమిషన్ 2021 సెప్టెంబరులో నివేదిక ఇచ్చింది. 83 మంది మీద ఆరోపణలు, అందులో 21 మంది ఆ సంస్థ పనివారే. తొమ్మిది అత్యాచార ఆరోపణలు. కొందరు గర్భవతులయ్యారు. వంటపని, సఫాయి పని లాంటి చిన్న కొలువుల కోసం వెళ్ళినవాళ్ళు వీళ్ళు. కమిషన్‌కు సహాధ్యక్షురాలు జూలియన్ లుసెంజ్ ఆ ప్రాంతంలోనే అత్యాచార బాధితులతో ఏళ్ళుగా పనిచేసిన కార్యకర్త. బాధితుల్లో కనీసం 104 మందికి తలా 250 డాలర్లు ఇచ్చారని 2023లో అసోసియేటెడ్ ప్రెస్ రాసింది. కిన్షాసాలో కొందరు ఐక్యరాజ్యసమితి అధికారులకు ఒక్కరోజు ఖర్చులకు అంతకంటే ఎక్కువే ఇస్తారని కూడా రాసింది.

"ప్రాణాలకు తెగించి వెళ్ళినవాళ్ళను ఇలా నిలదీయడం న్యాయమేనా?" అని మీలో కొందరు అడగవచ్చు. నిజంగా తెగించి వెళ్ళినవాళ్ళున్నారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ తరఫున వెళ్ళిన కామెరూన్ డాక్టరు రిచర్డ్ మూజోకోను 2019 ఏప్రిల్‌లో బుటెంబో ఆసుపత్రిలో కాల్చి చంపారు. ఆయన త్యాగానికి నమస్కరిద్దాం. ఆ త్యాగం అడ్డం పెట్టుకుని ఇంకొకడు తప్పించుకోకుండా చూడడం కూడా ఆ నమస్కారంలో భాగమే.

అత్యవసర పరిస్థితి అన్న మాట విన్నప్పుడల్లా మనం జాగ్రత్తపడాలి. 'తర్వాత చూద్దాం' అని పక్కన పెట్టేవాటిలో మొదట ఉండేవి ఆడవాళ్ళ విషయాలే. కాంగోలో గర్భిణులకు, పాలిచ్చే తల్లులకు ఎబోలా టీకా మొదట్లో ఇవ్వలేదు. వాళ్ళకు చోటు దొరికేసరికి 2019 వచ్చింది. సియెరా లియోన్‌లో 2015లో బడులు తిరిగి తెరిచినప్పుడు గర్భవతులైన బాలికలను రావద్దన్నారు. స్త్రీల సంఘాలు పోరాడాయి. 2019 డిసెంబరులో పశ్చిమాఫ్రికా దేశాల ఉమ్మడి న్యాయస్థానం ఆ నిషేధాన్ని తప్పుపట్టింది, 2020 మార్చిలో అది పోయింది. అంటే ఎబోలా ముగిసిన తర్వాత కూడా నాలుగేళ్ళు పట్టింది.

మనకు దీనితో ఏమిటి సంబంధం? లైబీరియాలో 2007 నుంచి 2016 దాకా ఐక్యరాజ్యసమితి తరఫున మన దేశపు మహిళా పోలీసు దళం ఉంది. ఎబోలా వచ్చినప్పుడు కూడా ఉంది. మన నర్సులు ఎన్నో దేశాల్లో పనిచేస్తున్నారు. ఇంకా దగ్గరగా చూస్తే మన ఆశా కార్యకర్త కూడా పిలుపు రాగానే వెళ్ళాల్సిన మనిషే. అర్ధరాత్రి పురిటి నొప్పులైనా, ఊళ్ళో కరోనా అయినా ఆమెకే ఫోను. 2022లో ఆమెకు ప్రపంచ ఆరోగ్య సంస్థ అవార్డు ఇచ్చింది. 2023లో తెలంగాణలో 18 వేల స్థిర వేతనం కావాలని ఆమె సమ్మెకు దిగాల్సి వచ్చింది. సలోమే ముఖచిత్రానికీ ఈ అవార్డుకూ తేడా ఎంత?

మనం అడగాల్సినవి ఇవి. జాబితాలో పేరున్న ప్రతి మనిషికీ జీతంతో సెలవు, తిరిగొచ్చాక అదే ఉద్యోగం, ఇంటి బాధ్యతలకు విడిగా భత్యం ఉండాలి. స్థానిక నర్సుకూ వచ్చిన నర్సుకూ ఒకే రక్షణ, ఒకే వైద్యం, సకాలంలో భత్యం ఉండాలి. ఆడవాళ్ళ కొలతలకు దుస్తులు కుట్టించాలి. లైంగిక దోపిడీ మీద ఫిర్యాదు తీసుకునే మనిషి, నియామకాలు చేసే అధికారి కింద పనిచేయకూడదు. బయటి నుంచి జట్టు దిగిన మొదటి వారంలోనే ఆ ఊరి స్త్రీల సంఘాలను కూర్చోబెట్టి అడగాలి.

ఆ నర్సు చివరికి జాబితాలో పేరు ఇచ్చింది. ఫోను ఎప్పుడు వస్తుందో ఆమెకు తెలియదు. వచ్చినప్పుడు ఆమెకు ప్రయాణ పత్రాలు, బీమా కాగితం పంపుతారు. కుట్టుమిషను మూసిపెట్టి పిల్లల దగ్గరకొచ్చే ఆమె చెల్లెలి పేరు ఏ కాగితం మీద రాయాలో మనం ఇవాళే తేల్చుకోవాలి.