కాగితం తాగని సిరా



ఒకప్పుడు పిల్లల నోరు పూసినా, మోకాలు దోక్కుపోయినా ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఒక ఊదారంగు మందు పూసి పంపేవారు. జెన్షన్ వయొలెట్. మీలో పెద్దవాళ్లకి గుర్తుండే ఉంటుంది. పూసినప్పుడు చిక్కటి ఊదా. ఆరిపోయాక మోకాలు ఎండలో పెట్టి కాస్త అటూ ఇటూ తిప్పితే, ఊదా మీద ఆకుపచ్చ కలిసిన బంగారు పొర ఒకటి మెరిసేది. మందులో బంగారం లేదు, ఆకుపచ్చా లేదు. మరి ఆ రంగు ఎక్కణ్ణుంచి వచ్చినట్టు?

ఫౌంటెన్ పెన్ను సిరాల్లో కొన్నిటికి సరిగ్గా ఇదే గుణం ఉంది. రాసింది నీలం. ఆరాక కాగితాన్ని వెలుతురుకేసి వంచితే అక్షరాల మీద రాగి ఎరుపు తేలుతుంది. మళ్లీ సమంగా పెడితే నీలమే. పెన్నుల మీద మోజున్నవాళ్లు దీన్ని షీన్ అంటారు. నేనైతే జిలుగు అంటాను. ఈ జిలుగును చూసి ఆనందించడం ఎలాగన్నదే ఈవేళ్టి ప్రసంగం. కంటికి సంబంధించిన సంగతి రేడియోలో చెప్పడమేమిటని నవ్వుకోకండి. ఈ విషయంలో ఫొటోలు రేడియో కంటే పెద్దగా మెరుగేం కాదు. ఫొటోలో నీలమైనా పడుతుంది, ఎరుపైనా పడుతుంది. ఒకటి ఇంకోటిగా మారే ఆ క్షణం మాత్రం పడదు. చూడాల్సింది దాన్నే.

ముందుగా ఒక గందరగోళం తీర్చుకుందాం. సిరాల అందాల్లో మూడు రకాలున్నాయి, మూడూ వేరు. ఒకే గీతలో ఒకచోట లేతగా, ఒకచోట ముదురుగా పడటం మొదటిది. దాన్ని షేడింగ్ అంటారు. సిరాలో అభ్రకం లాంటి సన్నటి పొడి కలిపితే వచ్చే తళుకు రెండోది. అలాంటి సిరా సీసాలో పొడి అడుక్కి దిగిపోతుంది కాబట్టి ప్రతిసారీ కుదిపి పోసుకోవాలి. మన జిలుగు మూడోది. ఇందులో కలిపిన పొడి ఏమీ లేదు. సిరాకు రంగునిచ్చే పదార్థమే, ఇంకో రంగులో మనకు కనిపిస్తోంది.

ఎలాగంటే, నీలం సిరా తెల్లటి వెలుతుర్లోంచి ఎరుపు, నారింజ భాగాల్ని మింగేస్తుంది. మిగిలిన వెలుతురు కాగితం దాకా వెళ్లి, ఆ తెలుపుకి తగిలి, మళ్లీ సిరాలోంచే బయటికొచ్చి మన కంట్లో పడుతుంది. అదీ మనం రోజూ చూసే నీలం. అయితే రంగు పదార్థం నీళ్లలో పల్చగా కరిగి ఉన్నప్పటి సంగతి వేరు, నీళ్లు ఆవిరైపోయి కాగితం మీద గట్టి పొరలా పేరుకున్నప్పటి సంగతి వేరు. ఏ వెలుతురునైతే ఆ పదార్థం అంత గట్టిగా మింగుతుందో, పొర చిక్కబడ్డాక దాన్నే పైపైనే, లోహంలా, వెనక్కి కొడుతుంది. ఎరుపును మింగే నీలం మీద ఎరుపు జిలుగు అందుకే. ఆకుపచ్చను మింగే ఊదా మీదా, మెజెంటా మీదా పచ్చబంగారు జిలుగు కూడా అందుకే. మోకాలి మీద మందూ ఈ కోవలోదే. 1856లో లండన్‌లో విలియం పెర్కిన్ మావ్ అనే కృత్రిమ అద్దకాన్ని కనిపెట్టాక, కొన్నేళ్లకే ఫుక్సీన్ అనే మరో అద్దకం వచ్చింది. బట్టల మీద అది ముదురు గులాబి. సీసాలో ఉన్న పలుకులు మాత్రం ఆకుపచ్చ లోహపు ముక్కల్లా మెరుస్తాయి. అప్పటి రసాయనికులకు ఇది కొత్త వింతేమీ కాదు, రోజూ కళ్లబడే విషయం.

మన చీరల్లో నెమలికంఠం రంగు ఉంది కదా, అదీ ఇదీ ఒకటేనా అని మీకు అనిపించవచ్చు. చూపుకి దగ్గరే గానీ కారణం వేరు. చీరలో పడుగు ఒక రంగు, పేక ఇంకో రంగు. ఒంపు తిరిగిన చోట ఏ దారం పైకొస్తే ఆ రంగు కనిపిస్తుంది. సిరాలో రెండు రంగుల దారాల్లేవు. ఉన్నదొక్కటే పదార్థం.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. జిలుగు రావాలంటే సిరా కాగితం మీద నిలబడాలి. మన మామూలు నోటుబుక్కు కాగితం సిరాను ఇట్టే తాగేస్తుంది. రంగు పీచుల సందుల్లోకి దిగిపోయి అక్కడక్కడా చెదిరిపోతుంది. పొర కట్టడానికి పైన ఏమీ మిగలదు. అద్దుడు కాగితం చేసే పనీ అదే, కాబట్టి జిలుగు కావాలనుకునేవాళ్లు దాన్ని దగ్గరికి రానివ్వరు. మంచి కాగితానికి తయారీలోనే గంజి, రెసిన్ లాంటివి పట్టించి పీచుల దాహం తీరుస్తారు. అప్పుడు సిరా చుక్క లోపలికి పోలేక పైన కూర్చుంటుంది, తాపీగా ఆరుతుంది, ఆరుతూ పొర కడుతుంది. ఒక్క మాటలో చెప్పాలంటే, కాగితం వద్దన్న సిరాయే మనకు జిలుగై కనిపిస్తుంది.

మంచి కాగితమంటే దళసరి కాగితం అనుకుంటాం. పెళ్లి శుభలేఖలు చూసి చూసి మనకా అభిప్రాయం పడిపోయింది. కానీ జిలుగు ప్రియులు ఏళ్ల తరబడి వెర్రిగా వెతుక్కున్న జపాను కాగితం తోమోయె రివర్ బరువు చదరపు మీటరుకు 52 గ్రాములు. జిరాక్సు కాగితం 70 నుంచి 80 గ్రాములుంటుంది. అంటే తోమోయె రివర్ దాని కన్నా పల్చన. అవతలి పక్క అక్షరాలు నీడలా కనిపిస్తాయి, చేత్తో పట్టుకుంటే గలగలమంటుంది. అయినా సిరా వెనక్కి దిగదు, అంచులు చెదరవు. తోమోయెగావా అనే సంస్థ దాన్ని తయారుచేసేది. వాళ్లు ఆపేశాక సాన్జెన్ అనే మరో జపాను కంపెనీ అందుకుంది. పాత కాగితం మీద వచ్చినంత జిలుగు కొత్తదాని మీద రావట్లేదని అభిమానులు వాదించుకుంటూనే ఉన్నారు. కొందరు పాత కాగితం కట్టలు బీరువాలో దాచుకుని, రాయడానికి మనసొప్పక అలాగే ఉంచేశారు. కాగితాన్ని అంత భక్తిగా చూడటం నాకు కాస్త అతిగానే తోస్తుంది. ఫ్రాన్సులో క్లేర్‌ఫాంతేన్ వాళ్ల 90 గ్రాముల కాగితం కూడా నున్నగా, చక్కగా ఉంటుంది. జిలుగు కొంచెం తక్కువే గానీ రాతకు అదే హాయి.

ఇవేవీ అందుబాటులో లేనివాళ్లు నిరాశపడక్కర్లేదు. ఇంజనీరింగు పిల్లలు బొమ్మలు గీసే ట్రేసింగ్ పేపరు ఏ స్టేషనరీ దుకాణంలోనైనా దొరుకుతుంది. అది సిరాను దాదాపు పీల్చుకోదు. దాని మీద నాలుగు అక్షరాలు రాసి, తాకకుండా ఆరనిచ్చి చూడండి. అంతకన్నా సులువైంది ఇంకోటుంది. ఇంట్లో సిరా సీసా ఉంటే మూత తిప్పి, సీసా మెడ దగ్గర మరల మీద ఎండిపోయిన సిరాను దీపం దగ్గర పెట్టి చూడండి. కాగితం మీద ఏ జిలుగూ చూపని సిరా కూడా అక్కడ చాలాసార్లు తన రెండో రంగు బయటపెడుతుంది.

చూడటంలోనూ ఒక పద్ధతి ఉంది. మబ్బు పట్టిన రోజు వరండాలో కూర్చుంటే ఏమీ కనిపించదు. వెలుతురు ఒకవైపు నుంచే రావాలి. కిటికీకి ఎదురుగా కూర్చుని, కాగితాన్ని కిటికీకీ కంటికీ మధ్య పట్టుకుని, దాదాపు పడుకోబెట్టినట్టు పెట్టి, మెల్లగా లేపుతూ రండి. కిటికీ వెలుగు కాగితం మీద తగిలి నేరుగా మీ కంట్లో పడే ఒక కోణం ఉంటుంది. అక్కడ అక్షరాలు ఒక్కసారిగా రంగు మారుస్తాయి. రాత్రయితే చిన్న ఎల్.ఇ.డి. బల్బు చాలు. ట్యూబులైటు వెలుగు నలుమూలలా పరుచుకుంటుంది కాబట్టి అంత పదునుగా చూపించదు.

ఇక్కడ తెలుగు రాసేవాళ్లకు ఒక అదృష్టం ఉంది. పాళీ మెల్లగా కదిలిన చోట, ఆగిన చోట సిరా ఎక్కువ దిగుతుంది. జిలుగు ముందుగా పుట్టేది అక్కడే. ఇంగ్లీషు కలిపిరాతలో పాళీ ఎత్తకుండా పోతుంటారు. మనకలా కుదరదు. అక్షరం గుండ్రంగా తిప్పాలి, ఆపాలి, పైకెళ్లి తలకట్టు పెట్టాలి, గుడి కట్టాలి, కిందికి దిగి వత్తు రాయాలి. ఆగిన ప్రతిచోటా ఒక చిన్న సిరా మడుగు. అందుకే మంచి కాగితం మీద తెలుగు పేజీని వంచి చూస్తే తలకట్ల వరుస పొడుగునా ఎర్రటి చుక్కలు మెరుస్తాయి. ణ, ఋ లాంటి మెలికల అక్షరాల్లో ఒకదాని పక్కనొకటి రెండు మూడు కనిపిస్తాయి. గబగబా గిలికితే ఇవన్నీ పల్చబడిపోతాయి. సన్న పాళీతో రాసినా అంతే. కొంచెం వెడల్పు పాళీ, ధారాళంగా సిరా వదిలే పెన్ను ఉంటే మేలు.

అలాంటి పెన్నుల కోసం మనం విదేశాల వైపు చూడాల్సిన పనిలేదు. రాజమహేంద్రవరంలో కె.వి. రత్నం గారు స్వదేశీ ఉద్యమ కాలంలో మొదలుపెట్టిన రత్నం పెన్నుల గురించి మీరు వినే ఉంటారు. 1935లో గాంధీగారు ఆ పెన్ను అందుకుని ఉత్తరం రాశారు. ఎబొనైట్ అనే గట్టి రబ్బరు కడ్డీని లేతు మీద తిప్పి చేసే ఆ తరహా పెన్నుల్లో ఫిల్లరుతో సిరా నేరుగా గొట్టంలోకే పోస్తారు. సిరా దండిగా పడుతుంది, ధారగా దిగుతుంది. సిరా తగ్గేకొద్దీ చేతి వేడికి లోపలి గాలి వ్యాకోచించి ఒక్కోసారి బొట్టు రాలుతుంది. ఆ మరకను తిట్టుకోకండి. పేజీ మొత్తంలో అన్నిటికన్నా బాగా మెరిసేది అదే.

సిరాల్లో ఏది మంచిదని అడుగుతారు. 1990లలో పార్కరు వాళ్లు పెన్‌మన్ సఫైర్ అనే నీలం తెచ్చారు, దాని ఎరుపు జిలుగుకు ఎంతోమంది పడిపోయారు. తర్వాత దాన్ని ఆపేశారు. ఇప్పటికీ పాత సీసాల కోసం వెతికేవాళ్లున్నారు. 2007లో పైలట్ కంపెనీ ఇరోషిజుకు వరుస మొదలుపెట్టింది. అందులో యమబుదో, అంటే అడవిద్రాక్ష పేరున్న సిరా, పచ్చబంగారు జిలుగుకు మంచి ఉదాహరణ. 2015లో ఫ్రాన్సు ఎర్బాన్ కంపెనీ ఎమరాల్డ్ ఆఫ్ షివోర్ అని ఒకటి వదిలింది. ఆకుపచ్చ నీలం సిరా, ఎరుపు జిలుగు, పైగా బంగారు పొడి తళుకు. అన్నీ ఒకేచోట. చూడగానే అబ్బురమే. ఇంగ్లండులో 1864లో మొదలైన డైమైన్ కంపెనీ వారి మెజెస్టిక్ బ్లూ అందుకోదగ్గది. మన దేశంలో కేరళలో తయారయ్యే కృష్ణ సిరాల్లోనూ జిలుగు బాగా ఉన్నవి కొన్ని ఉన్నాయి.

ఈ మధ్య పోటీ పెరిగి, జిలుగే లక్ష్యంగా చేసిన సిరాలు వస్తున్నాయి. అమెరికాలో ఆర్గానిక్స్ స్టూడియో అనే సంస్థ తయారుచేసిన నైట్రోజన్ అలాంటిదే. దాంతో రాస్తే ఏ కోణంలో చూసినా అక్షరమంతా రాగిరేకే, కింద నీలం ఉందని వెతుక్కోవాలి. నాకది రుచించదు. ఎప్పుడూ కనిపిస్తూ ఉండేదాన్ని వంచి చూడటమెందుకు? పేజీలో మూడొంతులు మామూలు నీలంగా ఉండి, అంచుల్లో, మలుపుల్లో మాత్రమే ఎరుపు తొంగిచూసే సిరానే నేను మళ్లీ మళ్లీ పోసుకుంటాను. మీ అభిరుచి వేరుగా ఉండొచ్చు.

ఈ సరదాకు చెల్లించాల్సిన సుంకం కూడా చెప్పాలి. పైన నిలిచిన సిరా ఆరడానికి చాలాసేపు పడుతుంది. బాగా జిలుగున్న సిరాలైతే నెలలు గడిచినా తడి వేలు తగిలితే చాలు, పూసుకుపోతాయి. కాకినాడ, విశాఖపట్నం లాంటి తీరప్రాంతాల ఉక్కపోతలో అరచేయి కింద ఒక చిత్తుకాగితం పెట్టుకుని రాయక తప్పదు. ఇవి నీళ్లలో కరిగిపోయే రంగులు, కాబట్టి చెక్కుల మీదా, దస్తావేజుల మీదా వాడకూడదు. ఎండకు వెలిసిపోతాయి, కాబట్టి పటం కట్టి కిటికీ ఎదురుగా తగిలించకూడదు. ఇంత చిక్కటి సిరా పెన్నులోనే ఎండితే పాళీ కింది కాలువలు పూడుకుపోతాయి. రాయని రోజులు వరసగా వస్తాయనుకుంటే ఖాళీచేసి, రంగు విరిగేదాకా మంచినీళ్లతో కడిగి పెట్టండి. వేడినీళ్లు మాత్రం వద్దు, ఎబొనైట్ రంగు చెడుతుంది.

చివరగా, కొత్తగా మొదలుపెట్టేవాళ్లు తలకిందులుగా ఖర్చుపెడతారు. ముందు ఖరీదైన పెన్ను, తర్వాత పేరున్న సిరా, ఆఖర్న చేతికందిన నోటుబుక్కు. రాసి, వంచి చూసి, ఏమీ లేదే అంటారు. దీన్ని తిరగెయ్యండి. ముందు నాలుగు మంచి కాగితాలు సంపాదించండి. ఇంట్లో ఉన్న పెన్నుతో, ఉన్న సిరాతో వాటి మీద తీరిగ్గా రాయండి. అద్దకుండా, ఊదకుండా, ఫ్యాను కింద పెట్టకుండా ఒక పక్కన ఉంచి వేరే పని చూసుకోండి. సాయంత్రం ఎండ ఏటవాలుగా పడే వేళకి వచ్చి చూడండి. అప్పటికీ ఏమీ కనబడకపోతే, అప్పుడు సిరా మార్చండి. పెన్ను సంగతి ఆ తర్వాత ఆలోచించవచ్చు.