సినిమాలో లేని 1932



సినిమాలో తప్పంటే ఏంది? ఒక సీన్లో ఉన్న గడియారం ఇంకో సీన్లో లేకపోవడం అంటారు మా బడిపిల్లలు. సరే, ఒక మనిషి బతుకులోంచి ఒక ఏడాదినే ఎత్తేస్తే దాన్నేమనాలి?

1982లో అటెన్‌బరో తీసిన 'గాంధీ' చూడండి. మన సర్కారు సొమ్ము కూడా అందులో ఉంది. ఎనిమిది ఆస్కార్లు వచ్చాయి. 1930 ఉప్పు సత్యాగ్రహం ఉంది. 1931 రౌండ్ టేబుల్ సమావేశం ఉంది. అక్కడ గాంధీని ఎదిరించి వాదించిన బాబాసాహెబ్ మాత్రం సినిమా మొత్తంలో ఎక్కడా కనబడరు. లండన్ నుంచి కథ ఒక్క దూకున రెండో ప్రపంచ యుద్ధంలో పడుతుంది.

మధ్యలో ఏం జరిగింది? 1932 ఆగస్టులో బ్రిటిష్ ప్రభుత్వం మనకు ప్రత్యేక నియోజకవర్గాలు ప్రకటించింది. వాటికి వ్యతిరేకంగా సెప్టెంబర్ 20న ఎరవాడ జైల్లో గాంధీ నిరాహారదీక్షకు దిగాడు. 24న పూనా ఒడంబడిక. 148 రిజర్వుడు సీట్లు రాసిచ్చారు. మన ప్రతినిధిని మనమే తేల్చుకునే హక్కు పోయింది. రిజర్వుడు సీట్లో కూడా గెలుపోటములు ఊరందరి ఓట్లతో తేలే పద్ధతి అక్కడే మొదలైంది.

అబద్ధం చెప్తే నిలదీస్తాం. చెప్పకుండా దాటేస్తే? తెలిసినోళ్లే పట్టుకోవాలి. జబ్బార్ పటేల్ తీసిన అంబేద్కర్ సినిమా 2000లో వచ్చింది. మన వాడల్లో రెండూ వేద్దాం. 'గాంధీ'లో లండన్ సీను అయిపోగానే ఆపి, ఆ 1932 కథ మనమే చెబుదాం.