పాటలమ్మ స్మృతి
(వార్షిక మహాసభయందు చేసిన ఉపన్యాసము)



ఈ సభయందు ఏటేట విద్యాదాతలను, సత్రములు కట్టించినవారిని, పెద్ద యుద్యోగములు నిర్వహించినవారిని స్మరించుట మన సంప్రదాయము. ఈ యేడు కార్యనిర్వాహకులు ఒక పేదతల్లిని గూర్చి ప్రసంగింపుడని మమ్ము కోరిరి. ఆమె సత్రము కట్టింపలేదు; మన చందాల పట్టికలో ఆమె పేరు మొదటి పుట కెన్నడును ఎక్కలేదు. వరినాట్లు వేసి, గోగునార తీసి, మగడు పోయిన పిమ్మట నలుగురు బిడ్డలను ఒంటిచేతితో పెంచి, అరువది యేండ్లకు పైగా ఆదివారమాదివారము దేవాలయమున కీర్తనలు పాడి, 2023వ సంవత్సరమున తన తొంబదియొకటవ యేట కన్నుమూసిన యిల్లాలు. తన పేరు రాతిమీదగాని కాగితముమీదగాని వేయవలదని బిడ్డలకు చెప్పి పోయినందున మేమును ఆ పేరు ఉచ్చరింపము. మన పల్లెలలో పిన్నలు పెద్దలు పిలిచిన "పాటలమ్మ" అను పిలుపే మనకు చాలును. వరుసకు ఆమె మాకు పిన్ని.

ఆమె క్రీస్తుమతస్థురాలు గదా, ఆమె స్మృతికి మన సంచికలో చోటేల యని కొందరు మిత్రులు మమ్ము అడిగిరి. అడుగుట తప్పు కాదు; సమాధానము చెప్పుట మా విధి. మన కులమున కొందరి యిండ్ల రామభజన, కొందరి యిండ్ల క్రీస్తుభజన జరుగుచున్నవి. అయినను పెండ్లి పిలుపులు ఒక్కటే, పురుటి మంచములు ఒక్కటే. పాటలమ్మ భర్త చనిపోయిన దినమున ఆయన పెట్టె మోసినవారిలో ఇరువురు రామభజన జట్టువారు. వారి యింట సీతారామకల్యాణమునకు పందిరి వేసిన నాడు తాటాకులు మోసినది పాటలమ్మ. మతము వేరైనంత మాత్రమున చుట్టరికము తెగదని మన పెద్దలు ఆచరించి చూపిరి. మనము వారికంటె చిన్నమనస్సు గలవారము కారాదు.

మరియొక మాట. ఆమె పాడిన కీర్తనలు పరదేశపు సరకు కావు. లండను మిషనరీ సంఘమువారు 1805లో విశాఖపట్టణమునకు వచ్చిరి. ఆనందరాయరను తెలుగు బ్రాహ్మణుని సాహాయ్యమున వారు చేసిన సువార్తల తెలుగుసేత 1812లో సేరంపూరున అచ్చయ్యెను. ఆ వెనుక మన సీమలో పాట పుట్టించినవాడు పురుషోత్తమ చౌధురి. ఆయన 1803లో గంజాము సీమలో వంగ బ్రాహ్మణకుటుంబమున జన్మించి, 1833లో బాప్తిస్మము పొంది, శ్రీకాకుళము, పర్లాకిమిడి ప్రాంతములలో తిరిగి బోధించి, 1890లో పరమపదించెను. యేసునాయక శతకాది పద్యకృతులు రచించినవాడగుటచే ఛందస్సు ఆయనకు కరతలామలకము. ఆయన కీర్తనలకు పల్లవి కలదు, చరణములు కలవు, కర్ణాటక రాగములు కలవు. తూర్పుతీరపు భజనకూటములలో పెరిగిన చెవికి ఆ పాటలు కొత్తగా తోచవు. కావున వానిని కాపాడిన స్త్రీ మన భాషాసంపదను కాపాడినట్లే.

ఇక ఆమె జీవితము. ఆమె 1932లో రంగూనున జన్మించెను. రంగమని మనవారు పిలుచు ఆ నగరమునకు విశాఖ, కాకినాడ రేవులనుండి ఓడలెక్కి మన జిల్లాలవారు ఏటేట వేలకొలది పోయెడివారు. 1931 జనాభా లెక్కలనాటికి ఆ నగరవాసులలో సగమునకు పైగా భారతీయులే. ఆమె తండ్రి రేవులో బియ్యపు బస్తాలు మోసెడివాడు. తల్లి అచ్చటి తెలుగు సంఘమున పాటలు పాడెడిది. 1941 డిసెంబరు 23వ తేదీన జపానువారి బాంబులు రంగూనుపై పడెను. 1942 మార్చిలో నగరము వారి వశమయ్యెను. ఓడలు దొరకని మనవారు అరకాను కొండల మీదుగా కాలినడకను బయలుదేరిరి. ఆ త్రోవలో ఆకలికిని, కలరాకును వేలకొలది జనము రాలిపోయిరి. అందు పాటలమ్మ తల్లియు నొకతె. పదేండ్ల పిల్ల తండ్రి వ్రేలు పట్టుకొని మన పల్లె చేరెను. రంగమునుండి ఆమె తెచ్చుకొన్న ఆస్తి ఏదనగా, తల్లి నడచుచు పాడిన పాటల వరుసలు.

ఆమె చదివినది నాలుగవ తరగతి. పెండ్లియైన పిదప మగడు నెల్లిమర్ల నార మిల్లులో కూలి చేసి, కూడబెట్టి, ఒక పాత హార్మోనియము కొనియిచ్చెను. ఎవరును నేర్పకయే ఆమె మెట్లు పట్టుకొనెను. మగడు పోయిన కొన్నియేండ్లకు పెద్దకుమార్తెకు నర్సు శిక్షణలో చోటు దొరికెను. బట్టలకు, పుస్తకములకు, దారిబత్తెమునకు డబ్బు లేదు. ఆదివారము దేవాలయమున హార్మోనియము కనబడలేదు. ఆమె కంజీర పట్టి పాడెను. "కంజీరయే నాకు వాటముగా నున్నది" అని యనెను. పండ్రెండేండ్లు అందరు ఆ మాట నమ్మితిమి. ఆ కుమార్తె ఉద్యోగము చేసి మరల ఒక హార్మోనియము కొని తెచ్చిననాడు గాని, మొదటిది అమ్మి ఆ పిల్లను చదివించినదని మాకు తెలియదు. చోడి అంబలి త్రాగి బిడ్డలకు వరియన్నము పెట్టిన తల్లులు మనలో పెక్కుమంది కలరు. తన కంఠమునకు తోడుగా నున్న వాద్యమును విడిచి, విడిచితినని చెప్పని తల్లి ఈమె.

ఇప్పుడు మా తప్పు నొకటి ఈ సభయెదుట ఒప్పుకొనవలసియున్నది. 1980లో మేము సంస్కృతము చదివి నూతనముగా ఊరికి వచ్చితిమి. లఘుకౌముది తలకెక్కిన రోజులు. క్రిస్మసు భజనకు చుట్టములు పిలువగా వెళ్లి కూర్చుంటిమి. పాటలమ్మ పాడుచుండ, క్షకారము చకారమగుటయు, మహాప్రాణములు అల్పప్రాణములగుటయు విని, పదిమంది యెదుట "ఈ ఉచ్చారణతో దేవునికేమి అర్థమగును?" అని పరిహసించితిమి. కొందరు నవ్విరి. ఆమె పాట ఆపలేదు, ముగించియే కూర్చుండెను.

మరునాడు తెల్లవారకముందే మా అరుగుమీద ఆమె కీర్తనల పుస్తకముతో కూర్చుండియున్నది. పోట్లాటకు వచ్చినదేమో యని సంకోచించితిమి. ఆమె యన్నమాట ఇది: "తప్పన్నావు గానీ, ఒప్పేటో సెప్పలేదు బాబూ."

నలువదేండ్ల అధ్యాపకవృత్తిలో మాకు ఏ శిక్షణకళాశాలయు ఇంతటి పాఠము చెప్పలేదు. తప్పు చూపి ఒప్పు చూపనివాడు గురువు కాడు. ఆ నాటినుండి కొన్ని మాసములు ఆమె ఉదయము వచ్చి అక్షరములు దిద్దుకొనెను. మేము పదములు విడదీసి అర్థము చెప్పితిమి. ప్రతిఫలముగా ఆమె మాకు వరుసలు పాడి వినిపించెను. అప్పుడు మాకు తెలిసినదేమన, కీర్తనల పుస్తకములో పాటపైన రాగము పేరు, తాళము పేరు అచ్చువేసియుండును గాని స్వరములు లేవు. ఆనందభైరవి యని చదివినంత మాత్రమున పాట రాదు. ఎత్తుగడ యెక్కడ, విరుపు యెక్కడ, చరణము చివర పల్లవిని అందుకొనుట యెట్లు అనునవి నోటినుండి చెవికి రావలసినవే. మన వేదాధ్యయనము వలెనే ఇదియు శ్రుతియే. వినువాడు లేనిచో లేదు.

ఒకే కీర్తనకు ఆమె రెండు వరుసలు ఎరిగియుండెను. ఒకటి ఊరి వరుస. ఆదివారము అందరితో పాడెడిది. రెండవది రంగము వరుస. తల్లి కొండత్రోవలో పాడినది. దానిని ఏటికొకసారి, మంచి శుక్రవారము సాయంకాలము, హార్మోనియము మూసి ఒంటిగా పాడెడిది. నేర్పుమని మే మడుగగా "నడిసినప్పుడు పాట బాబూ, కూకుంటే రాదు" అని నవ్వి తప్పించుకొనెను. మేమును మరల అడుగలేదు. రేపు అడుగవచ్చునని తలంచితిమి.

ఆమెను సమాధి చేసిన దినమున ఆ వరుస పాడవలెనని బిడ్డలు కోరిరి. పాడగలవారు ఒక్కరును లేరు. నర్సు కుమార్తె పల్లవి ఎత్తి మధ్యలో ఆగిపోయెను. చివరకు అందరు ఊరి వరుసలో ముగించిరి. నిండిన ఆ సమాధిస్థలమున మాకు వినబడినది ఆ ఆగిపోయిన చోటు మాత్రమే. ఆమె మనుమరాలు తన సెల్‌ఫోనులో మూడు పాటలు పట్టియుంచినది. అందు రంగము వరుస ఒక చరణము మేరకే కలదు. అదియే మిగిలినది.

సోదరులారా, దుఃఖించుటకు మాత్రమే మేమిక్కడ నిలువలేదు. 1919లో విజయనగరమున విజయరామ గజపతిగారు సంగీతకళాశాల స్థాపించిరి. ఒక అంధబాలునికి సంగీతము నేర్పింపవలెనను తలంపే దానికి మూలమని చెప్పుదురు. ఆదిభట్ల నారాయణదాసుగారు దాని ప్రథమాధ్యక్షులు. 1936లో ద్వారం వేంకటస్వామినాయుడుగారు ఆ పదవిని అలంకరించిరి. ఒక్క బిడ్డ కొరకు తలపెట్టిన కార్యము వేలమందికి విద్యయయ్యెను. మనమును ఒక్క బిడ్డతో మొదలుపెట్టుదము.

మా ప్రార్థనలు రెండు. మొదటిది: మన సంఘ విద్యానిధినుండి ఏటా ఒక బాలికకు సంగీతవిద్యకై వేతనమియ్యవలెను, ఆమె ఇంట రామభజన జరుగునో క్రీస్తుభజన జరుగునో అడుగరాదు. రెండవది: ఆ బాలిక సెలవులలో మన పల్లెలు తిరిగి, వృద్ధస్త్రీలు పాడు భజనలు, కీర్తనలు, నాట్లపాటలు, లాలిపాటలు ధ్వనిముద్రణ చేసి, స్వరములు వ్రాసి సంఘమునకు సమర్పింపవలెను. మనుమరాలి ఫోనులోని మూడు పాటలు ఆ భాండారమునకు తొలి సొత్తు కావలెను. మా ఒక మాసపు పింఛనును ఇందులకు మొదటి చందాగా అధ్యక్షులవారి సమక్షమున ఉంచుచున్నాము.

ఇంటికి పోయిన పిదప, మీ యింట ముసలితల్లి యున్నచో, ఆమె ప్రక్కన కూర్చుండి ఒక పాట అడుగుడు. రేపు అడుగవచ్చునని మాత్రము తలంపవలదు.